డివిడెండ్ చూసి బ్యాంకు షేరు కొనొచ్చా? (ఫోన్-ఇన్)

యాంకర్: నమస్కారం. ప్రాంతీయ ప్రైవేటు బ్యాంకుల షేర్లు, అవి లాభంలోంచి వాటాదారులకు పంచే డివిడెండ్ల మీద మీ సందేహాలకు ఇవాళ మన ఆర్థిక సలహాదారు జవాబులు చెబుతారు. మొదటి కాల్ ఉప్పల్ నుంచి. చెప్పండి సార్.

కాలర్: నమస్తే సార్. ఎఫ్‌డీ మెచ్యూర్ అయింది, ఆరు లక్షలు ఉన్నయ్. పక్క రాష్ట్రంల ఒక పాత ప్రైవేటు బ్యాంకు అరవై శాతం డివిడెండ్ ఇచ్చిందని మా దోస్తు చెప్పిండు. మొత్తం తీసి అండ్ల పెడదామనుకుంటున్న.

సలహాదారు: ఆగండి సార్. ఆ అరవై శాతం లెక్క మీరు పెట్టే డబ్బు మీద కాదు, షేరు ముఖ విలువ మీద, అంటే కాగితం మీద షేరుకు రాసుకున్న అసలు విలువ మీద. ముఖ విలువ ఎంతో చూశారా?

కాలర్: పది రూపాయలు. రేటు 240 నడుస్తుంది.

సలహాదారు: అయితే షేరుకు ఆరు రూపాయలు. 240 పెట్టి కొన్నవాళ్లకు అది రెండున్నర శాతమే. మీ ఆరు లక్షలకు 2,500 షేర్లు, ఏడాదికి 15,000 డివిడెండ్. ఒక కంపెనీ నుంచి ఏడాదిలో 10,000 దాటితే 10 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, కోస్తారు, అంటే చేతికొచ్చేది 13,500. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. కోసింది రిటర్న్‌లో సర్దుకోవచ్చు గానీ, డివిడెండ్ మొత్తం మీ ఆదాయంలో కలిసి స్లాబు ప్రకారం పన్ను పడుతుంది. అదే ఆరు లక్షలకు ఆరున్నర శాతం ఎఫ్‌డీ వడ్డీ 39,000. ఇంకో మాట, ముఖ విలువ రెండు రూపాయలున్న బ్యాంకు ఇదే అరవై శాతం ప్రకటిస్తే వచ్చేది రూపాయి ఇరవై పైసలు.

కాలర్: మరి లాభాలు బాగనే ఉన్నయ్ కద సార్, ఎందుకు అంత తక్కువ ఇస్తరు?

సలహాదారు: మంచి ప్రశ్న. సిమెంటు కంపెనీ తన లాభాన్ని పంచినట్టు బ్యాంకు పంచలేదు. బ్యాంకు ఇచ్చే ప్రతి అప్పు వెనకా కొంత సొంత మూలధనం ఉండాలి. మన దేశంలో కనీస మూలధన నిష్పత్తి 9 శాతం, దాని మీద రెండున్నర శాతం రక్షణ నిధి, మొత్తం పదకొండున్నర. ఆ నిధి తరిగితే డివిడెండ్ మీద ఆంక్షలు వస్తాయి. పైగా ఏటా లాభంలో 25 శాతం రిజర్వు నిధికి తీసిపెట్టాలి. 2005లో ఆర్‌బీఐ ఇచ్చిన నిబంధనల్లో డివిడెండ్‌కు పై హద్దు లాభంలో 40 శాతంగా పెట్టారు. అదీ మూలధనం పుష్కలంగా, మొండి బాకీలు తక్కువగా ఉన్నవాళ్లకే.

ఇప్పుడు ఈ లెక్క రాసుకోండి. బ్యాంకు సొంత నిధుల మీద ఏటా 12 శాతం సంపాదిస్తూ, అందులో ఐదో వంతు పంచిందనుకుందాం. మిగిలేది తొమ్మిదిన్నర శాతం చిల్లర, సొంత నిధులు పెరిగేది అంతే. తను ఇచ్చే అప్పులేమో ఏటా 15 శాతం పెంచుతోంది, వాటి వెనక మూలధనమూ అంతే పెరగాలి. ఆ తేడా ఎక్కణ్ణుంచి రావాలి? కొన్నాళ్లకు కొత్త షేర్లు అమ్మాల్సిందే. పుస్తక విలువ, అంటే ఒక్కో షేరు వంతుకు వచ్చే సొంత నిధులు, అంతకన్నా తక్కువ ధరకు అమ్మితే పాత వాటాదారుకు నేరుగా నష్టం. అందుకే ఇలాంటి బ్యాంకు డివిడెండ్ పెంచిందంటే నేను వెంటనే మూలధన నిష్పత్తి తెరిచి చూడమంటాను.

కాలర్: ఇంకేం చూడాలె సార్?

సలహాదారు: ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ సైట్లలో త్రైమాసిక ఫలితాలుంటాయి. నికర ఎన్‌పీఏ, అంటే కేటాయింపులు పోగా మిగిలిన మొండి బాకీల శాతం, చూడండి. 6 శాతానికి చేరితే ఆర్‌బీఐ దిద్దుబాటు చర్యల కింద డివిడెండ్‌కు అడ్డు పడుతుంది. అయితే పాత బాకీలు రద్దు చేసి కూడా ఎన్‌పీఏ శాతం తగ్గించి చూపొచ్చు, కాబట్టి ఆ మూడు నెలల్లో కొత్తగా ఎన్ని కోట్ల అప్పులు మొండిబారాయో, అంటే స్లిపేజెస్, అది ముఖ్యం. లాభం వడ్డీ ఆదాయం నుంచి వచ్చిందా, బాండ్లు అమ్మగా వచ్చిందా, పన్ను వాపసు వల్లా? చివరి రెండూ మళ్లీ ఏడాది రాకపోవచ్చు. వార్షిక నివేదికలో ‘డైవర్జెన్స్’ అనే పట్టిక ఉంటే తప్పక చదవండి. బ్యాంకు చూపిన మొండి బాకీలకు, ఆర్‌బీఐ తనిఖీలో తేలినవాటికి తేడా అందులో ఉంటుంది.

ఎఫ్‌డీకి ఒక్కో బ్యాంకులో ఐదు లక్షల వరకు డీఐసీజీసీ (డిపాజిట్ల బీమా సంస్థ) బీమా ఉంది. షేరుకు రూపాయి కూడా లేదు. 2020 నవంబరులో లక్ష్మీ విలాస్ బ్యాంకును డీబీఎస్‌లో కలిపినప్పుడు డిపాజిటర్ల డబ్బు భద్రం, షేర్లు మాత్రం సున్నా అయిపోయాయి. మన సికింద్రాబాద్ కేంద్రంగా నడిచిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు 2004లో ఓరియంటల్ బ్యాంకులో కలిసినప్పుడు కూడా వాటాదారులకు మారుగా షేర్లు ఇవ్వలేదు. మీ ఎఫ్‌డీ వడ్డీతోనే ఇల్లు నడుస్తుంటే ఆ డబ్బు కదపకండి. లేదంటే 60,000 మించకుండా, రెండు మూడు త్రైమాసికాల ఫలితాలు చూస్తూ విడతలుగా కొనండి. మిగతాది బీమా పరిమితి దాటకుండా రెండు బ్యాంకుల్లో ఎఫ్‌డీ చేయండి.

యాంకర్: వనస్థలిపురం నుంచి ఇంకో కాల్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండి. మా నాన్నగారి పేరు మీద ఆంధ్రా బ్యాంకు షేరు సర్టిఫికెట్లున్నాయి, 400. ఆయన పోయారు. అవి చెల్లుతాయా?

సలహాదారు: చెల్లుతాయమ్మా, పారేయకండి. 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ప్రతి 1,000 షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు. మీ 400కి 130 వస్తాయి. ముందు సర్టిఫికెట్ మీదుండే ఫోలియో నంబరుతో యూనియన్ బ్యాంకు షేర్ల రిజిస్ట్రార్‌కు, అంటే వాటాదారుల లెక్కలు చూసే సంస్థకు, రాయండి. ఆ 130 ఎవరి దగ్గరున్నాయి, ఏ ఏళ్ల డివిడెండ్లు రాలేదు అని అడగండి. తర్వాత మీ పేరున డీమ్యాట్ ఖాతా తెరిచి మరణ ధ్రువపత్రం, కేవైసీకి ఐఎస్‌ఆర్-1 ఫారం, వారసత్వ బదిలీకి ఐఎస్‌ఆర్-5 ఫారం పంపాలి. నామినీ లేకపోతే వారసుల పత్రాలు, మిగతావాళ్ల ఎన్‌ఓసీ, ఇండెమ్నిటీ బాండు అడుగుతారు. సర్టిఫికెట్ మీద నాన్నగారి పేరుకీ మరణ పత్రంలో పేరుకీ ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు వెనక్కొస్తుంది, ముందే అఫిడవిట్ చేయించండి. ఏడేళ్లు తీసుకోని డివిడెండ్ ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి వెళ్తుంది. 2025 ఆగస్టు నుంచి ప్రభుత్వ బ్యాంకులు షేర్లనూ అక్కడికి పంపొచ్చు. కాబట్టి ఈ నెలలోనే మొదలుపెట్టండి.

యాంకర్: చివరిగా మాదాపూర్ కాలర్. రికార్డు తేదీకి, అంటే డివిడెండ్ ఎవరికివ్వాలో బ్యాంకు జాబితా చూసే రోజుకు, ముందు కొని, డివిడెండ్ తీసుకుని అమ్మేస్తే లాభమా అంటున్నారు.

సలహాదారు: లాభం ఉండదండీ. రికార్డు తేదీకి కనీసం ఒక ట్రేడింగ్ రోజు ముందు కొంటే డివిడెండ్ వస్తుంది. కానీ ఎక్స్-డేట్ నాడు, అంటే కొన్నా ఆ డివిడెండ్ రాని మొదటి రోజున, ధర సుమారు అంతే తగ్గి మొదలవుతుంది. డివిడెండ్ మీద స్లాబు పన్ను కడతారు, అమ్మిన నష్టాన్ని మాత్రం ఆ డివిడెండ్‌లోంచి తీసేయడానికి కుదరదు, వేరే షేర్ల లాభంతోనే సర్దుకోవాలి. బ్రోకరేజీ, ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను) అదనం.