ముందు చెరిపే చేతిని ఆపండి

సభకు నమస్కారం. అధ్యక్షులకు, నిర్వాహకులకు కృతజ్ఞతలు చెప్పుకుని నేరుగా విషయంలోకి వస్తాను, ఎందుకంటే నాకిచ్చిన సమయం తక్కువ, చెప్పవలసిన మాట మాత్రం చాలా ఏళ్ళుగా నాలో నలుగుతున్నది.

పాడైన క్లౌడ్ బ్యాకప్‌ను తిరిగి నిలబెట్టడం ఎలా అన్నది నాకిచ్చిన అంశం. మెట్టు తరువాత మెట్టుగా చెబుదామని ఒక వరుస రాసుకుని వచ్చాను. అయితే ఆ వరుసలో మొదటి మెట్టు మీదే అనుభవజ్ఞులు సైతం జారిపడటం నేను చూశాను కనుక దాని దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను. బ్యాకప్ పాడైందని తెలిసిన క్షణంలో మరమ్మతుకు పూనుకోకూడదు. ముందు చెరిపే పనులన్నిటినీ ఆపాలి.

ప్రతి బ్యాకప్ వ్యవస్థా రోజూ రెండు పనులు చేస్తుంది. కొత్త డేటాను ముక్కలుగా చేసి క్లౌడ్‌కు పంపడం మొదటిది, గడువు తీరిన ముక్కలను తొలగించి చోటు ఖాళీ చేయడం రెండవది. ఏ ముక్క ఏ ఫైలుకు చెందుతుందో చెప్పే ఇండెక్స్ ఒకటి ఉంటుంది, తొలగించే ప్రోగ్రాము దానినే నమ్ముతుంది. ఇండెక్స్‌లో లేని ముక్క దాని దృష్టిలో ఎవరికీ అక్కరలేని ముక్క.

2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ సూపర్‌కంప్యూటర్‌లో నష్టం చేసినది ఇటువంటి శుభ్రపరిచే పనే. అక్కడి బ్యాకప్ స్క్రిప్టులో పాత లాగ్ ఫైళ్ళను తొలగించే భాగం ఒకటి ఉండేది. స్క్రిప్టు నడుస్తుండగానే దాని స్థానంలో సవరించిన ప్రతిని పెట్టడంతో, ఏ ఫైళ్ళను తొలగించాలో చెప్పే వేరియబుల్స్ విలువలు లేకుండా మిగిలిపోయి, లాగ్‌లకు బదులు పరిశోధకుల ఫైళ్ళు సుమారు 77 టెరాబైట్లు చెరిగిపోయాయి. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్‌ను భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో రెప్లికేషన్‌ను, అంటే అసలు డేటాబేసును రెండవ సర్వర్‌కు నకలు చేసే పనిని, సరిచేయబోయిన ఇంజినీరు, రెండవ సర్వర్‌లో ఉన్నాననుకుని అసలు సర్వర్‌లోని డేటాబేసు డైరెక్టరీని తొలగించారు. తీరా చూస్తే క్లౌడ్‌లో ఉండవలసిన బ్యాకప్‌లు లేవు. అవి విఫలమవుతున్నాయని చెప్పే మెయిళ్ళు తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం చేతితో తీసిన స్నాప్‌షాట్, అంటే ఆ క్షణం నాటి డేటా నకలు, ఒక్కటే వారిని గట్టెక్కించింది. ఈ రెండు చోట్లా ఎవరూ అశ్రద్ధగా లేరని గమనించండి. బాగుచేసే ప్రయత్నంలోనే నష్టం జరిగింది.

ఇక నా విషయం. నేను పనిచేసిన ఒక సంస్థలో బ్యాకప్ సర్వర్ డిస్కు నిండిపోయి, ఇండెక్స్‌లో కొత్త వివరాలు రాయడం ఆగిపోయింది. ముక్కలు మాత్రం క్లౌడ్‌కు చేరుతూనే ఉన్నందున ప్రతి ఉదయం వచ్చే నివేదికలో "విజయవంతం" అనే ఉండేది. ఆ మాటను నేను పదకొండు రోజులు చదివి సంతకం పెట్టాను. పన్నెండవ రోజున ఒక పరిశోధకురాలు తన కొలతల ఫైలు కావాలని అడిగితే రీస్టోర్ కాలేదు. నేను కంగారులో డిస్కులో కొంత చోటు ఖాళీ చేసి సర్వర్‌ను రీస్టార్ట్ చేశాను. దెబ్బతిన్న ఇండెక్స్‌ను పక్కకు నెట్టి ప్రోగ్రాము కొత్తగా ఒక ఖాళీ ఇండెక్స్ సృష్టించుకుంది. రాత్రి రెండు గంటలకు శుభ్రపరిచే పని తన వేళకు తాను మొదలైంది.

ఆ సమయంలో నేను స్క్రీన్ ముందే ఉన్నాను. బకెట్‌లో, అంటే క్లౌడ్‌లో మా ముక్కలు దాచే చోట, ఉన్న ముక్కల సంఖ్య ఒక మూల చిన్న అక్షరాలలో కనిపిస్తూ ఉంటుంది. పేజీని రిఫ్రెష్ చేసిన ప్రతిసారీ అది తగ్గుతున్నది. లెక్క ఇంకా పూర్తి కాలేదేమోనని మొదట అనుకున్నాను. నాలుగోసారి చూసినప్పుడు అర్థమైంది. సర్వర్‌ను ఆపడానికి పరుగెత్తకుండా, క్లౌడ్ కన్సోల్‌లో ఆ సర్వర్ క్లౌడ్‌లోకి ప్రవేశించడానికి వాడే యాక్సెస్ కీని నిలిపివేశాను. ఆ రాత్రి నేను సరిగా చేసిన పని అదొక్కటే.

మీలో ఎంతమంది బ్యాకప్ సర్వర్‌కు తొలగించే అనుమతి ఉంది? దయచేసి చేతులెత్తండి. ఇన్ని చేతులు లేస్తాయనే ఈ కథ చెబుతున్నాను. రాసే కీ వేరుగా, తొలగించే కీ వేరుగా ఉంచండి. బకెట్‌కు వెర్షనింగ్ పెట్టండి, అంటే తొలగించినా పాత ప్రతి మిగిలే ఏర్పాటు చేయండి, వీలైతే నిర్ణీత కాలం ఎవరూ చెరపలేని లాక్ పెట్టండి. నాకంటే ముందు ఆ ఉద్యోగంలో ఉన్నవారెవరో వెర్షనింగ్ పెట్టి ఉండటం వల్లనే మా ముక్కలు నిజంగా పోలేదు. వాటిపై తొలగించినట్టు గుర్తులు మాత్రమే పడ్డాయి. పాత వెర్షన్లకు ఏడు రోజుల గడువు ఉన్నది కనుక మొదట ఆ గడువును ఎత్తివేశాం. సర్వర్ డిస్కులో ఏమీ మార్చకుండా దాని పూర్తి ఇమేజ్, అంటే ఉన్నది ఉన్నట్టుగా నకలు, తీసి, ఆ ఇమేజ్‌లో వెతికి పదకొండు రోజుల నాటి ఇండెక్స్ ప్రతిని పట్టుకున్నాం. ఆ తరువాతే గుర్తులు తీసివేసి, ప్రతి ముక్క చెక్‌సమ్‌ను, అంటే డేటా మారిందో లేదో చెప్పే సంఖ్యను, ఇండెక్స్‌తో సరిచూశాం. రీస్టోర్ కూడా పాత సర్వర్‌లో కాక కొత్త సర్వర్‌లో చేశాం.

డేటా దించుకోవడానికి పట్టే కాలాన్ని ముందే లెక్క వేసుకోండి. సెకనుకు 100 మెగాబిట్ల లైను మీద 10 టెరాబైట్లు రావడానికి తొమ్మిది రోజులు దాటుతుంది. అందువల్ల ఎవరి ఫైళ్ళు ముందో పట్టిక వేయాలి. మేము ఆ పరిశోధకురాలి ఫైలును మొదట పెట్టాం.

నాలుగవ రోజున అది తెరుచుకుంది. ఆమె మాటలేమీ మాట్లాడకుండా తన నోట్‌బుక్ తీసి, మొదటి వరుసలోని అంకెలను వేలితో సరిచూసుకుని, ఒక్కసారిగా చివరి వరుసకు వెళ్ళారు. చివరి పదకొండు రోజులు అందులో లేవు. ఆ ముక్కలు క్లౌడ్‌లో ఉన్నా, ఏది దేనికి చెందుతుందో చెప్పే వివరం ఎక్కడా లేదు. ఆ రోజుల అంకెలు నోట్‌బుక్‌లో ఉన్నాయి. సాయంత్రం వరకూ నేను పక్కన కూర్చుని ఒక్కొక్క అంకె చదువుతుంటే, ఆమె టైపు చేశారు.