చక్కెరలో ఒక్క కార్బన్‌నీ వదలని బ్యాక్టీరియా

[స్క్రీన్ మీద: నురగ పొంగుతున్న కల్లు కుండ]

కల్లు కుండలో నురగ పొంగుతుంటుంది కదా, ఆ బుడగలన్నీ కార్బన్ డై ఆక్సైడ్. ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చేటప్పుడు గ్లూకోజ్‌లో ఉండే 6 కార్బన్లలో 2 ఇలా గాల్లో కలిసిపోతాయి. ఆ కల్లునే ఇంకొన్నాళ్లు వదిలేస్తే గాలి తగిలి, వేరే బ్యాక్టీరియా చేరి, పుల్లటి వెనిగర్ అవుతుంది, కానీ పోయిన కార్బన్ పోయినట్టే. లెక్క కడితే 180 గ్రాముల గ్లూకోజ్‌కి మహా అయితే 120 గ్రాముల ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్‌కి పులుపునిచ్చే యాసిడ్.

అదే 180 గ్రాముల నుంచి, లెక్క ప్రకారం, 180 గ్రాములూ ఇవ్వగల బ్యాక్టీరియా ఒకటుంది. పేరు మూరెల్లా థర్మోఎసిటికా. 1942లో అమెరికా శాస్త్రవేత్తలు దీని గురించి మొదటిసారి రాశారు, దొరికింది గుర్రపు లద్దెలో. 55 నుంచి 60 డిగ్రీల వేడి దీనికి హాయి, ఆక్సిజన్ అంటే పడదు.

[స్క్రీన్ మీద: ఒక గ్లూకోజ్, పక్కన మూడు ఎసిటిక్ యాసిడ్‌లు]

ఎలా చేస్తుందో చూడండి. మొదటి సగం మామూలే, గ్లూకోజ్ విరిగి రెండు ఎసిటిక్ యాసిడ్‌లు, రెండు కార్బన్ డై ఆక్సైడ్‌లు వస్తాయి, వాటితో పాటు 8 ఎలక్ట్రాన్లు మిగిలిపోతాయి. మనలా గాలి పీల్చే జీవి అయితే వాటిని ఆక్సిజన్‌కి అప్పజెప్పేస్తుంది. దీనికి ఆ దారి లేదు, ఎక్కడో ఒకచోట దించుకోవాలి, అందుకని తను వదిలిన కార్బన్ డై ఆక్సైడ్ మీదే దించుతుంది! ఒకదాన్ని మెట్టు మెట్టుగా మిథైల్‌గా (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు ఉన్న ముక్క), రెండోదాన్ని కార్బన్ మోనాక్సైడ్‌గా మార్చి, రెండింటినీ నికెల్ ఉన్న ఒక ఎంజైమ్ మీద అతికిస్తుంది. మూడో ఎసిటిక్ యాసిడ్ అలా పుడుతుంది.

దీన్ని ఫ్యాక్టరీ పక్కన పెట్టి చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. ఇవాళ ప్రపంచంలో ఎసిటిక్ యాసిడ్ ఎక్కువగా మిథనాల్‌కి కార్బన్ మోనాక్సైడ్ కలిపి తయారుచేస్తారు, అంటే అక్కడా మిథైల్‌కి మోనాక్సైడ్‌ని అతికించడమే. మోన్‌శాంటో అనే కంపెనీ పద్ధతిలో దానికి ఖరీదైన రోడియం లోహం, 150 నుంచి 200 డిగ్రీల వేడి, 30 నుంచి 60 అట్మాస్ఫియర్ల ఒత్తిడి కావాలి. లద్దెలో దొరికిన జీవి అదే పనిని నికెల్‌తో, 60 డిగ్రీల లోపు చేసేస్తోంది.

కార్బన్ డై ఆక్సైడే ఎసిటిక్ యాసిడ్‌లోకి చేరుతోందని 1945లో బార్కర్, కామెన్ అనే శాస్త్రవేత్తలు రేడియోధార్మిక కార్బన్‌తో చూపించారు. మెట్లన్నీ విప్పడానికి హార్లాండ్ వుడ్, లార్స్ యుంగ్‌డాల్‌కి దశాబ్దాలు పట్టింది, అందుకే ఆ దారికి వాళ్లిద్దరి పేర్లే పెట్టారు.

[స్క్రీన్ మీద: మూత బిగించిన ఫెర్మెంటర్, థర్మామీటర్]

వేడి వల్ల లాభమేంటి అంటారా? పెద్ద ట్యాంకులో పులియబెడితే దానంతటదే వేడెక్కుతుంది, ఈస్ట్ అయితే చల్లబరచడానికి ఖర్చు పెట్టాలి, ఇక్కడ ఆ టెన్షన్ తక్కువ. 60 డిగ్రీల దగ్గర బయటి సూక్ష్మజీవులు చాలావరకు బతకలేవు కాబట్టి బ్యాచ్ పాడయ్యే భయమూ తగ్గుతుంది. కానీ దీని బీజాంశాలు, అంటే గడ్డు పరిస్థితుల్ని తట్టుకునే నిద్రాణ రూపాలు, మహా మొండివి. ఈ బ్యాక్టీరియాలోని కొన్ని రకాల్లో 121 డిగ్రీల దగ్గర, అంటే ల్యాబ్‌లో అన్నిటినీ చంపే ఆటోక్లేవ్ వేడిలో, పదింట తొమ్మిది చావడానికే 100 నిమిషాలు దాటింది.

ఇంకో మంచి గుణం, ఇది జైలోజ్ కూడా తింటుంది. మామూలు ఈస్ట్ ముట్టని ఆ చక్కెర మన వరిగడ్డిలో బాగానే ఉంటుంది. గడ్డిని నేరుగా విరగ్గొట్టడం మాత్రం దీనివల్ల కాదు, ముందు మనం చక్కెరలుగా మార్చి ఇవ్వాలి.

మరి ఫ్యాక్టరీలన్నీ దీన్నే ఎందుకు వాడట్లేదు? తను చేసిన యాసిడే దీనికి విషం. పుల్లదనం పెరిగితే ఆగిపోతుంది, ఆపకుండా నడపాలంటే క్షారం పోస్తూనే ఉండాలి, అప్పుడు చేతికొచ్చేది యాసిడ్ కాదు, దాని లవణం. పలచటి నీళ్లలోంచి ఆ లవణాన్ని తీసి మళ్లీ యాసిడ్‌గా మార్చడానికే డబ్బంతా పోతుంది. అందుకే అమెరికాలో కొందరు లవణాన్నే సరుకుగా చూశారు. డోలమైట్ సున్నం వేసి యాసిడ్‌ని విరిచేస్తే కాల్షియం మెగ్నీషియం ఎసిటేట్ వస్తుంది, దాన్ని రోడ్ల మీద మంచు కరిగించడానికి చల్లుతారు, మామూలు ఉప్పులా వంతెనల ఇనుముని అంతగా తినేయదు.