ఆఫ్టర్‌గ్లోను కొలిచేటప్పుడు గడియారాన్ని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

నమస్కారం. 2022 అక్టోబరు 9, ఆశ్వయుజ పున్నమి. ఆ సాయంత్రం 6 గంటల 47 నిమిషాలకు, హైదరాబాద్‌లో దీపాలు పెట్టే వేళ, సుమారు 190 కోట్ల సంవత్సరాలు ప్రయాణించి వచ్చిన గామా కిరణాలు భూమిని తాకాయి. అవి వచ్చిన దిక్కు అప్పుడు మన నగరానికి దాదాపు నడినెత్తిన ఉంది. అభిజిత్ నక్షత్రానికీ శ్రవణానికీ నడుమ, సజిట్టా అనే చిన్న తారామండలంలో. జీఆర్‌బీ 221009ఏ అని పేరు పెట్టిన ఆ విస్ఫోటం ఇంతవరకు నమోదైన వాటన్నింటిలోకీ ప్రకాశవంతమైనది. జీఆర్‌బీ అంటే గామా-రే బర్స్ట్, గామా కిరణాల విస్ఫోటం; పేరులోని అంకెలు సంవత్సరం, నెల, తేదీ.

అటువంటి విస్ఫోటం తర్వాత మిగిలే వెలుగును, అంటే ఆప్టికల్ ఆఫ్టర్‌గ్లోను, ఫొటోలు తీసి అది ఎంత వేగంగా మసకబారుతోందో లెక్కకట్టడం ఎలాగో ఈ వీడియోలో చూద్దాం. ఈ పనిలో టెలిస్కోపు చిన్నది కావడం వల్ల వచ్చే తప్పులకన్నా గడియారాన్ని సరిగా చదవకపోవడం వల్ల వచ్చేవే ఎక్కువని నా అనుభవం. అందువల్ల కాలం లెక్కల దగ్గరే ఎక్కువ సేపు ఆగుతాను.

గామా కిరణాలు సాధారణంగా కొన్ని సెకన్లలోనో, కొన్ని నిమిషాల్లోనో ఆగిపోతాయి. అయితే భారీ నక్షత్రం కుప్పకూలినప్పుడు కాంతి వేగానికి అతి చేరువ వేగంతో వెలువడిన జెట్, అంటే సన్నని ధారలా దూసుకొచ్చే పదార్థం, చుట్టూ ఉన్న పలుచని వాయువును ఢీకొని నెట్టుకుంటూ పోతుంది. ఆ తాకిడిలో వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో తిరుగుతూ వెదజల్లే సింక్రోట్రాన్ కాంతే ఆఫ్టర్‌గ్లో. వెలా ఉపగ్రహాలు 1967లో మొదటి విస్ఫోటాన్ని పసిగట్టిన తర్వాత దాదాపు 30 ఏళ్లు ఈ కాంతి ఎవరికీ దొరకలేదు. 1997 ఫిబ్రవరి 28న బెప్పోశాక్స్ ఉపగ్రహం ఎక్స్-కిరణాలతో కచ్చితమైన స్థానం చెప్పగలిగినప్పుడే మొదటి ఆప్టికల్ ఆఫ్టర్‌గ్లో కనిపించింది.

జెట్ నెమ్మదించే కొద్దీ వెలుగు ఒక ఘాత నియమం ప్రకారం, అంటే కాలం ఎన్ని రెట్లయిందన్న దాన్ని బట్టి, తగ్గుతుంది. ఆ ఘాతాన్ని ఆల్ఫా అంటారు. ఇప్పుడు తెరమీద ఉన్న సూత్రం చూడండి: మ్యాగ్నిట్యూడ్‌లో వచ్చే మార్పు 2.5ను ఆల్ఫాతోను, రెండు కాలాల నిష్పత్తికి లాగరిథమ్‌తోను గుణిస్తే వస్తుంది. మ్యాగ్నిట్యూడ్ అంటే తార వెలుగును చెప్పే కొలమానం; ఆ సంఖ్య పెరిగితే వెలుగు తగ్గినట్టు. ఆల్ఫా 1.2 అనుకుంటే, విస్ఫోటం జరిగిన గంటకు 17గా ఉన్న మ్యాగ్నిట్యూడ్ 10 గంటలకు 20కి చేరుతుంది. తేడా 9 గంటలన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, 10 రెట్లన్నదే వస్తుంది. కాలం నిష్పత్తిగా లెక్కలోకి వచ్చేటప్పుడు సున్నా ఎక్కడ పెట్టామన్నదే ప్రాణం.

మళ్లీ ఆ పున్నమి సాయంత్రానికే వద్దాం. ఫెర్మీ ఉపగ్రహం విస్ఫోటాన్ని 6 గంటల 47 నిమిషాలకే నమోదు చేసింది. స్విఫ్ట్ ఉపగ్రహం మాత్రం ఆ దిక్కును సుమారు 53 నిమిషాలు ఆలస్యంగా, 7 గంటల 40 నిమిషాలకు పట్టుకుంది. ఆ చోటు పాలపుంత తలానికి దగ్గరగా ఉండడంతో, అది మన గెలాక్సీలోనే కొత్తగా వెలిగిన వస్తువని మొదట భావించి స్విఫ్ట్ జె1913.1+1946 అని పేరు కూడా పెట్టారు. రెండూ ఒకటేనని తేలిన తర్వాత పాత పేరు పక్కకు పోయింది. కానీ స్విఫ్ట్ సమయాన్నే సున్నాగా పెట్టుకుని పరిశీలన మొదలుపెట్టినవారి పరిస్థితి ఏమిటి?

కాగితం మీద ఒక ఊహాత్మక లెక్క చేద్దాం. స్విఫ్ట్ సమయం నుంచి గంటకు ఒక ఫొటో, 10 గంటలకు మరొకటి తీశామనుకోండి. అసలు విస్ఫోటం నుంచి చూస్తే అవి 113 నిమిషాలు, 653 నిమిషాలు. నిష్పత్తి 10 కాదు, 5.78 మాత్రమే. నిజమైన ఆల్ఫా 1.2 అయితే మ్యాగ్నిట్యూడ్ 2.29 మేర పెరుగుతుంది. దాన్నే 10 రెట్ల కాలానికి పంచితే ఆల్ఫా 0.91 అని వస్తుంది. ఫొటోలో ఏ లోపమూ లేదు, కొలతలో లోపం లేదు, అయినా భౌతికశాస్త్రం మారిపోయింది.

రెండో చిక్కు ఎక్స్‌పోజర్ మధ్య సమయం. తొలి నిమిషాల్లో వెలుగు ఎంత త్వరగా పడిపోతుందంటే, 60వ సెకను నుంచి 660వ సెకను వరకు తీసిన ఫొటోలను కలిపి ఒకే ఫొటోగా చేసినప్పుడు, దాని సమయాన్ని మధ్యలో ఉన్న 360వ సెకనుగా రాయడం తప్పవుతుంది. ఆల్ఫా 1 అయితే ఆ సగటు వెలుగు నిజానికి 250వ సెకను నాటిది. ఈ ఒక్క పొరపాటు మ్యాగ్నిట్యూడ్‌లో 0.4 తేడా తెస్తుంది. అందుకే తొలి గంటలో చిన్న చిన్న ఎక్స్‌పోజర్లు విడివిడిగా దాచుకుని, కలపడమన్నది తర్వాత ఆలోచించాలి.

ఫొటోల శుద్ధి గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే కెమెరా లోపాలను తీసేసే బయాస్, డార్క్, ఫ్లాట్ సవరణలు ఏ నక్షత్రానికైనా ఒకటే. ఉపగ్రహం చెప్పిన చోట పాత సర్వే ఫొటోలో లేని చుక్క కనిపిస్తే, అదే రాత్రి కొంత సేపటికి మళ్లీ కొలిచి అది మసకబారిందో లేదో చూడాలి. చుట్టూ ఉన్న, కేటలాగులో మ్యాగ్నిట్యూడ్ తెలిసిన తారలతో పోల్చి దాని వెలుగు నిర్ణయించాలి. ఆకాశాన్ని ఫొటో పలకల మీద కొలిచి కేటలాగు చేసే పని మన ఊరికి కొత్త కాదు. బేగంపేటలోని నిజామియా వేధశాల గత శతాబ్దంలోనే అంతర్జాతీయ ఖగోళ పట ప్రాజెక్టులో తన వంతుగా లక్షలాది తారల స్థానాలు ప్రచురించింది.

హైదరాబాద్ డాబా మీద నుంచి ఇది సాధ్యమా అని అడుగుతారు. వీధి దీపాల కాంతిలో మ్యాగ్నిట్యూడ్ 17 దగ్గరే చుక్క ఆకాశంలో కలిసిపోతుంది, కాబట్టి అరుదుగా వచ్చే ప్రకాశవంతమైన వాటి తొలి గంటే మనకు దక్కేది. ఆ తర్వాతి పని లద్దాఖ్‌లోని హాన్లేలో, దాదాపు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 0.7 మీటర్ల గ్రోత్-ఇండియా టెలిస్కోపుకూ, 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపుకూ వదిలేయాలి. ఎర్ర ఫిల్టరే వాడండి. 2022 నాటి విస్ఫోటం విషయంలో పాలపుంత ధూళి ఒక్కటే మామూలు దృశ్యకాంతిని దాదాపు 4 మ్యాగ్నిట్యూడ్ల మేర మింగేసింది. ఎర్ర కాంతిని ధూళి అంతగా ఆపదు.

సాధన కోసం నేను మొదట ఒక చరతారను, అంటే వెలుగు మారుతూ ఉండే తారను, కొలిచినప్పుడు, నా ల్యాప్‌టాప్ భారత కాలమానాన్ని సార్వత్రిక సమయంగా (యూటీసీ) ఫైలు శీర్షికలో రాసేసింది. గ్రాఫులో ప్రతి బిందువూ సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు పక్కకు జరిగి ఉంది. మూడు రోజులు టెలిస్కోపును అనుమానించాను, పాపం.

గ్రాఫులో కాలం అక్షాన్ని లాగరిథమిక్‌గా, మ్యాగ్నిట్యూడ్ అక్షాన్ని మామూలుగా గీస్తే (మ్యాగ్నిట్యూడ్ స్వతహాగానే లాగరిథమిక్) బిందువులు సరళరేఖ మీద పడాలి. ముందు చెప్పిన ఉదాహరణలో 20 గంటలకు 20.9 రావలసిన చోట 21.4 వస్తే, ఆ మధ్య ఆల్ఫా 1.9 దగ్గరకు పెరిగిందన్నమాట; జెట్ అంచు మనకు కనిపించడం మొదలైతే ఇలా వాలు నిటారవుతుంది. ఒకటి రెండు వారాల తర్వాత తగ్గుదల ఆగి చిన్న ఉబ్బు వస్తే, 2003 మార్చి 29 విస్ఫోటం వెనుక బయటపడినట్టే, సూపర్‌నోవా, అంటే పేలిన ఆ నక్షత్రపు వెలుగు, అయివుండవచ్చు. అయితే రెండే బిందువులతో వాలు మారిందని ప్రకటించవద్దు.

ఫలితం రాసేటప్పుడు ప్రతి ఎక్స్‌పోజర్ మొదలు, ముగింపు సార్వత్రిక సమయంలో ఇవ్వండి. ఫిల్టరు, పోల్చిన కేటలాగు, ధూళి సవరణ చేశారా లేదా అన్నవి చేర్చండి. చుక్క కనిపించకపోతే, ఎంత మసక తార వరకు మీ ఫొటోలో దొరికేదో ఆ హద్దు ఇవ్వండి, అదీ కొలతే. సున్నాగా తీసుకున్న సమయం ఏ ఉపగ్రహానిదో, దాని పేరుతో సహా మొదటి వరుసలోనే రాయండి.