మూడో ఎనిమిది ఎవరిది? అనంతపురం అడ్డా నుంచి మేడే కథ

[దృశ్యం: తెల్లవారుతోంది. అనంతపురం టవర్ క్లాక్. కింద పాల బండి, రెండు ఆటోలు. మాట్లాడేవాడు కెమెరా ముందుకు వస్తాడు.]

టైం ఆరు కావస్తోంది. నా వెనక ఉన్నది టవర్ క్లాక్. మన ఊరోళ్ళకు చెప్పక్కర్లేదు, బయటివాళ్ళ కోసం ఒక్క మాట. దీనికి 15 అడుగుల వెడల్పు, ఎనిమిది ముఖాలు, 47 అడుగుల ఎత్తు. వరసగా చదవండి: 15-8-47. స్వాతంత్ర్యం వచ్చిన తేదీనే కట్టి నిలబెట్టారు.

ఈ వీడియోకు నాకు కావాల్సింది మధ్యలో ఉన్న ఎనిమిది. పదండి, అడ్డాకు పోదాం.

[దృశ్యం: కూలీల అడ్డా. సైకిళ్ళకు తగిలించిన సద్ది క్యారియర్లు, గోనెసంచిలో తాపీ, మట్టగోల. పక్కన బండి మీద ఉగ్గాని, బజ్జీ. స్కూటర్ మీద ఒకాయన వచ్చి ఆగుతాడు.]

"ఇద్దరు కావాలప్పా, గోడ పని."
"కూలికా, గుత్తకా?"
"కూలికే."
"సాయంత్రం ఎన్నింటికి దిగాల?"
"ఆరుకు."
"అయిదున్నరకు దిగుతాంలేన్నా. ఊరికి పోవాల, మళ్ళా బస్సుండదు."

[దృశ్యం: స్కూటరాయన తల గీరుకుంటాడు, ఒప్పుకుంటాడు. ఇద్దరూ సైకిళ్ళు తీస్తారు.]

విన్నారు కదా. కూలి ఎంత అనే బేరం దీని తర్వాత జరిగింది, అది నేను రికార్డు చేయలేదు. నాకు కావాల్సింది ఈ అరగంట బేరం. మేడే పుట్టింది ఇలాంటి బేరం నుంచే. జీతం పెంచమని కాదు, పని గంటలు తగ్గించమని.

మా నాయన బేల్దారి పని చేసేవాడు. చిన్నప్పుడు నాకు మేడే అంటే లారీ మీద ఎర్రజెండాలు, మైకులో పాటలు, సభ దగ్గర ఇచ్చే మజ్జిగ. నాయన మాత్రం ఆ రోజు కూడా సద్ది కట్టుకుని పనికి పోయేవాడు. అడిగితే "అది యూనియన్ ఉన్నోళ్ళకు లేరా" అనేవాడు. సరే, ఆ యూనియన్ ఉన్నోళ్ళ కథేందో ముందు చూద్దాం.

[దృశ్యం: తెర మీద గడియారం బొమ్మ, మూడు ముక్కలుగా విడిపోతుంది.]

బ్రిటన్‌లో రాబర్ట్ ఓవెన్ అని ఒకాయన ఉండేవాడు. ఆయనే మిల్లు యజమాని. 1817లో ఒక లెక్క చెప్పాడు: ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు వినోదం, ఎనిమిది గంటలు విశ్రాంతి. అప్పట్లో మిల్లుల్లో పన్నెండు, పద్నాలుగు గంటలు మామూలు. అందులో పిల్లలూ ఉండేవాళ్ళు. పని ఎనిమిది అర్థమవుతుంది, నిద్ర ఎనిమిది అర్థమవుతుంది. గొడవంతా మూడో ఎనిమిది మీదే. తర్వాత అమెరికా కార్మికులు దాన్ని ఇంకా సూటిగా చెప్పారు: "ఆ ఎనిమిది గంటలు మా ఇష్టం." ఏం చేస్తామో ఎవరికీ చెప్పక్కర్లేదు. చదువుకుంటాం, పడుకుని ఆకాశం చూస్తాం, పిల్లోల్ని ఎత్తుకుంటాం. ఈ నినాదంలో నాకు ఎక్కువ నచ్చేది ఆ పొగరే.

1856 ఏప్రిల్ 21న మెల్‌బోర్న్‌లో రాతి పని చేసే మేస్త్రీలు పని ఆపి ఊరేగింపుగా వెళ్ళారు. జీతం తగ్గకుండా ఎనిమిది గంటల పని సాధించుకున్నారు. తొలి విజయాల్లో ఒకటి రాయి కొట్టేవాళ్ళదన్నమాట. తాడిపత్రి, బేతంచెర్ల బండల ఫ్యాక్టరీల్లో ఈ వీడియో చూస్తున్న వాళ్ళుంటే ఇది గుర్తుపెట్టుకోండి.

[దృశ్యం: పాత షికాగో చిత్రాలు. పొగ గొట్టాలు, గుర్రపు బండ్లు.]

ఇప్పుడు షికాగో. అమెరికాలో కార్మిక సంఘాల సమాఖ్య 1884లోనే ఒక తీర్మానం చేసింది: 1886 మే 1 నుంచి రోజుకు ఎనిమిది గంటలే పని. రెండేళ్ళ ముందే ముహూర్తం పెట్టుకున్నారు. ఆ రోజు రానే వచ్చింది. దేశమంతా మూడు లక్షలకు పైగా జనం సమ్మెలోకి దిగారు. మే 1న గొడవేమీ జరగలేదు. చాలామంది పొరబడేది ఇక్కడే. మేడే రోజున కాల్పులు జరిగాయని మనవాళ్ళు వాట్సాప్‌లో ప్రతి ఏడాదీ పంపిస్తుంటారు. జరిగింది మే 3న, మే 4న.

మే 3న మెకార్మిక్ కోత యంత్రాల ఫ్యాక్టరీ గేటు దగ్గర పోలీసులు కాల్చారు. కనీసం ఇద్దరు చనిపోయారు. అక్కడికి దగ్గర్లోనే మాట్లాడుతున్న ఆగస్ట్ స్పైస్ అదంతా చూశాడు. ఆయన జర్మన్ భాషలో వచ్చే కార్మికుల పత్రికకు సంపాదకుడు. మర్నాడు సాయంత్రం నిరసన సభ అన్నారు. స్థలం హేమార్కెట్. మన మాటలో చెప్పాలంటే గడ్డి సంత.

[దృశ్యం: చీకటి. వాన చినుకుల శబ్దం.]

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. సభ కరపత్రంలో మొదట "ఆయుధాలతో రండి" అన్న వాక్యం ఉంది. స్పైస్ అది చూసి, ఆ లైను తీసేస్తేనే మాట్లాడతానన్నాడు. తీసేశారు. మే 4 రాత్రి షికాగో మేయరు కార్టర్ హారిసన్ స్వయంగా వచ్చి సభ చూసి, అంతా ప్రశాంతంగానే ఉందని పోలీసు అధికారికి చెప్పి ఇంటికి పోయాడు. ఆల్బర్ట్ పార్సన్స్ అనే నాయకుడు పెళ్ళాం పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వాన మొదలైంది, జనం పల్చబడ్డారు. చివరి ఉపన్యాసం ముగియబోతోంది. సరిగ్గా అప్పుడు పోలీసుల దండు వరసగా నడిచి వచ్చి, కదలండి అంది. ఎవరో బాంబు విసిరారు.

ఎవరు విసిరారో ఈ రోజుకూ తేలలేదు.

ఏడుగురు పోలీసులు చనిపోయారు, కొందరు పోలీసులు సాటి పోలీసుల తుపాకులకే గాయపడ్డారు. జనంలో కనీసం నలుగురు పోయారు. కేసు మాత్రం ఎనిమిది మంది నాయకుల మీద పెట్టారు. ఇక్కడ కూడా ఎనిమిదే, నేను కల్పించింది కాదు. అందులో జార్జ్ ఎంగెల్ అనే ఆయన బాంబు పేలినప్పుడు ఇంట్లో కూర్చుని పేకాట ఆడుకుంటున్నాడు. పార్సన్స్ ముందు తప్పించుకుపోయాడు. తర్వాత విచారణ మొదలైన రోజున తనంతట తనే నడిచి కోర్టులోకి వచ్చి మిగతావాళ్ళ పక్కన కూర్చున్నాడు. బాంబు వేశారని వీళ్ళెవరి మీదా రుజువు కాలేదు. మీ రాతలు, మీ మాటలు చూసి ఎవడో వేశాడు కాబట్టి మీదే నేరం అన్నారు. 1887 నవంబర్ 11న స్పైస్, పార్సన్స్, ఫిషర్, ఎంగెల్‌లను ఉరి తీశారు. లింగ్ అనే కుర్రాడు ముందురోజే జైల్లో ప్రాణం తీసుకున్నాడు. "మీరు ఈ రోజు నొక్కేస్తున్న గొంతుల కంటే మా మౌనమే గట్టిగా వినపడే రోజు వస్తుంది" అని స్పైస్ ఉరికంబం మీద అన్నాడు. 1893లో జాన్ ఆల్ట్‌గెల్డ్ అనే గవర్నరు, మిగిలిన ముగ్గురినీ విడుదల చేస్తూ, ఆ విచారణే న్యాయంగా జరగలేదని రాసిపెట్టాడు. తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు.

[దృశ్యం: పారిస్, తర్వాత ప్రపంచ పటం మీద ఎర్ర చుక్కలు.]

1889 జులైలో పారిస్‌లో సోషలిస్టుల అంతర్జాతీయ సభ జరిగింది. మరుసటి ఏడాది మే 1న అన్ని దేశాల్లో ఒకేసారి ఎనిమిది గంటల కోసం ప్రదర్శన చేయాలని అక్కడ నిర్ణయించారు. అమెరికా సంఘాలు అప్పటికే ఆ తేదీ పెట్టుకుని ఉన్నాయి కాబట్టి అదే ఖాయమైంది. తమాషా ఏందంటే, ఈ కథ నడిచిన అమెరికాలో మే 1 సెలవు కాదు. వాళ్ళ లేబర్ డే సెప్టెంబర్ మొదటి సోమవారం. 1894లో చట్టం చేశారు. షికాగో జ్ఞాపకం ఉన్న తేదీ వాళ్ళ ప్రభుత్వానికి నచ్చలేదు మరి.

[దృశ్యం: మద్రాసు సముద్ర తీరం. పాత మద్రాసు ప్రెసిడెన్సీ పటం.]

ఇక మన దగ్గరికి వద్దాం. భారతదేశంలో తొలి మేడే 1923 మే 1న మద్రాసులో జరిగింది. జరిపినాయన సింగారవేలు చెట్టియార్. లాయరు, అప్పటికే వయసు 63. ఆ రోజు రెండు సభలు పెట్టారు, ఒకటి హైకోర్టు ఎదురుగా సముద్రపు ఒడ్డున, ఇంకోటి ట్రిప్లికేన్ ఒడ్డున. ఎర్రజెండా ఎగరేశారు. మే 1ని సెలవు దినం చేయమని అడిగారు.

పటం ఒకసారి చూడండి. అప్పుడు అనంతపురం, కడప, కర్నూలు అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. దత్తమండలాలు అనేవాళ్ళు మనల్ని. అంటే దేశంలో తొలి మేడే మన రాజధానిలోనే జరిగినట్టు. తమిళోళ్ళు మాదంటారు, అననీయండి.

అంతకు 61 ఏళ్ళ ముందే, 1862లో, హౌరాలో పన్నెండొందల మంది రైల్వే కూలీలు ఎనిమిది గంటల కోసం పని ఆపారు. షికాగో కంటే 24 ఏళ్ళ ముందు! మన బళ్ళో నాకు ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

[దృశ్యం: తెర మీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి: 60, 54, 48.]

1922 చట్టం ప్రకారం ఫ్యాక్టరీలో వారానికి 60 గంటలు చేయించుకోవచ్చు. 1934లో 54 అయింది. 1946లో 48. ఈ చివరి అడుగు వెనక ఉన్నది అంబేడ్కర్. 1942 నుంచి 46 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ ఆయన చేతిలోనే ఉంది. తర్వాత వచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టంలో వారానికి 48, రోజుకు గరిష్ఠంగా 9. దాటితే రెట్టింపు కూలి. 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం ఆ 9ని 10 చేయడానికి ఒప్పుకుంది, వారానికి 48 అలాగే ఉంచి. పెట్టుబడులు రావాలంటే తప్పదని ప్రభుత్వం అంది, షికాగోను వెనక్కి తిప్పుతున్నారని సంఘాలు అన్నాయి. నా మాట అడిగితే, నేను బెంగళూరులో ఒక కంపెనీలో మూడేళ్ళు రోజుకు పన్నెండు గంటలు కూర్చుని వచ్చినోణ్ణి. చట్టంలో ఎంత రాసున్నా, "ఇంకొక్క కాల్ ఉంది" అనే మాటకు అడ్డం లేదు. ఆ టెన్షన్ తెలిసినోడికి ఒక గంట పెంచడం చిన్న విషయంగా కనపడదు.

మన రైల్వే ఊరు గుంతకల్లు వాళ్ళు నన్ను తిట్టకముందే ఇంకోటి చెప్తా. 1974 మే 8న మొదలై ఇరవై రోజులు నడిచిన రైల్వే సమ్మె. దాంట్లో కూడా ఒక పెద్ద డిమాండు ఎనిమిది గంటలే. ఇంజను నడిపేవాళ్ళ డ్యూటీ అంతకంటే చాలా ఎక్కువ ఉండేది మరి. రైల్వే ఊళ్ళల్లో ఆ తరం పెద్దాయన ఎవరైనా కనపడితే అడగండి, టీ తాగించి మరీ చెబుతారు.

[దృశ్యం: బండ్లపల్లి వైపు పోయే రోడ్డు. తుమ్మ చెట్లు. గడ్డపార శబ్దం.]

అయితే ఈ చట్టాలన్నీ గేటు ఉన్న చోటికి. సైరను మోగేచోటికి. గేటు లేని పని సంగతేంది? మన జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న జాతీయ ఉపాధి హామీ పథకం మొదలైంది. ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చారు. మనోళ్ళు ఇప్పటికీ దాన్ని కరువు పని అనే అంటారు. ఎండాకాలం ఆరింటికి పోయి పదకొండుకు తిరిగొస్తారు. కానీ అక్కడ కూలి గంటల మీద కాదు, కొలత మీద. గుంత పొడవు, వెడల్పు, లోతు టేపు పెట్టి చూస్తారు. అనంతపురం గట్టి నేలలో మే నెలలో అడుగు లోతు తవ్వడమంటే ఏందో గడ్డపార పట్టినోళ్ళకే తెలుసు. గడియారం లేని చోట టేపు ఉంటుంది.

గుత్త కూడా అంతే. పొద్దున అడ్డాలో కూలీ "కూలికా, గుత్తకా" అని అడిగింది అందుకే. గుత్తకు ఒప్పుకుంటే టైం లేదు, పని అయ్యేదాకా నీ ఒళ్ళు నీదే, నీ చీకటి నీదే. స్లాబు పోసే రోజు ఇంకా వేరే లెక్క. కలిపిన మాలు ఆగదు, సగంలో వదిలితే అతుకు పడి నీళ్ళు కారతాయి. రాత్రి ఎనిమిదైనా దిగలేరు. అందుకే ఆ రోజు ఇంటాయన అందరికీ కోడికూర పెడతాడు. ఆ కూర రుచే వేరు, నేను చిన్నప్పుడు నాయన వెంట పోయి తినేవాణ్ణి.

[దృశ్యం: సాయంత్రం, అయిదు ముప్పావు. అదే రోడ్డు. పొద్దున చూసిన ఇద్దరిలో ఒకాయన సైకిలు మీద బస్టాండు వైపు. కాళ్ళకు ఇంకా సున్నం మరకలు.]

పొద్దున అరగంట గెలుచుకున్న ఆయన మళ్ళీ కలిశాడు. ఓవెన్ లెక్క ఆయనకు చెప్పా. ఎనిమిది పని, ఎనిమిది నిద్ర, ఎనిమిది నీ ఇష్టం. నీ ఎనిమిది ఏం చేస్తావు మామా అని అడిగా.

"ఎనుముకు గడ్డి కోయాల" అన్నాడు.

మరి అత్తకు ఎనిమిది ఉందా అన్నా. ఆయన భార్య చీనీ తోటలో కాయలు కోసే పనికి పోతుందట. నాలుగింటికి లేచి, నీళ్ళు పట్టి, సంగటి చేసి, సద్ది కట్టి పోతుంది. ఆయన కాసేపు ఆలోచించాడు.

"ఆయమ్మనే అడుగు, నన్ను తిట్టిస్తావు" అని నవ్వి, బస్సు వస్తుంటే సైకిలు చెట్టుకు గొలుసేసి పరిగెత్తాడు.

[దృశ్యం: బస్సు కదులుతుంది. కిటికీలోంచి సద్ది క్యారియర్ పట్టుకున్న చేయి.]