పేజీలో లేని యాసిడ్

మిత్రులారా, టెలిఫోన్ పుట్టిన కథ మీరు వినే ఉంటారు. గ్రాహంబెల్ బట్టల మీద యాసిడ్ ఒలికింది, "వాట్సన్, ఇలా రా!" అని కేక పెట్టాడు, ఆ కేక ఇంకో గదిలో ఉన్న అతని సహాయకుడు వాట్సన్‌కి తీగలోంచి వినిపించింది. సినిమాకి సరిగ్గా పనికొచ్చే సీను.

1876 మార్చి 10 నాటి బెల్ నోట్‌బుక్ పేజీ అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉంది. అందులో యాసిడ్ ఒలికిన ఊసే లేదు. ఆ ముచ్చట 1926లో అచ్చయిన వాట్సన్ ఆత్మకథలోది.

మరి పేజీలో ఏముంది? వాట్సన్ వచ్చి మాట వినపడిందన్నాడు. బెల్‌కి అది చాలలేదు. "నేనేమన్నానో చెప్పు" అని అడిగి రాబట్టాడు. తర్వాత ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. వాట్సన్ ఓ పుస్తకం చదివితే శబ్దం గట్టిగానే వచ్చింది గానీ ముద్దముద్దగా ఉందట. చివరికి ఒక్కో అక్షరం విడదీసి పలికితే ఒక వాక్యం స్పష్టంగా వినపడింది. తమాషా ఏమిటంటే, అప్పటికి పేటెంట్ వచ్చి మూడు రోజులైంది! నాకు ఆ ముద్దమాటల దగ్గరే టెలిఫోన్ నిజంగా కనిపిస్తుంది.

1947 నాటి హార్వర్డ్ మార్క్-2 కంప్యూటర్ లాగ్‌బుక్ కూడా ఇలాంటిదే. రిలేలో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చులో, ఇరుక్కున్న పురుగును టేపుతో అంటించి, పక్కన "నిజంగా బగ్ దొరకడం ఇదే మొదటిసారి" అని రాశారు. యంత్రంలో లోపాన్ని 'బగ్' (పురుగు) అనడం పుట్టింది అక్కడేనంటారు. కానీ అది జోకు. మాట పాతది కాకపోతే ఆ 'నిజంగా' ఎందుకు? ఎడిసన్ 1878లోనే ఓ ఉత్తరంలో ఆ మాట వాడాడు.

అలాగని నోట్‌బుక్కులన్నీ అమాయకమైనవి అనుకోకండి. ఎవరో చదువుతారని తెలిసి రాసినవీ ఉంటాయి. గోర్డన్ గౌల్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1957 నవంబరులో లేజర్ లెక్కలు రాసుకుని, ఆ పేజీలను ఓ మిఠాయి కొట్టుకి పట్టుకెళ్లాడు. కాగితాల మీద తేదీ వేసి సంతకంతో ధ్రువీకరించే నోటరీ అక్కడ ఉండేవాడు మరి! కాకపోతే పని చేసే నమూనా చూపిస్తేనే పేటెంట్ ఇస్తారని పొరబడి, దరఖాస్తు 1959 దాకా పెట్టలేదు. ఈలోగా లేజర్ మీదే పనిచేస్తున్న టౌన్స్, షాలో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తమ దరఖాస్తు వేసేశారు. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి గౌల్డ్ ఓ కీలకమైన లేజర్ పేటెంటు అందుకునేసరికి 1977 వచ్చింది. అన్నేళ్లూ అతని చేతిలో ఉన్న ఆధారం, మిఠాయి కొట్టులో సంతకం పడ్డ ఆ పేజీలే.