చీకటి గదిలో నీటిచుక్క

అందరికీ నమస్కారం.

కుళాయి గట్టిగా కట్టకపోతే రాత్రంతా చుక్కలు పడుతూనే ఉంటాయి. ఆ చప్పుడు మనందరం విన్నదే. కానీ చుక్క నీళ్లలో పడ్డాక అక్కడ ఏం జరుగుతుందో మన కంటికి అందదు. 45 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలిన చుక్క 0.3 సెకన్లలో నీటిని తాకుతుంది. నీళ్లలో గుంట పడుతుంది, చుట్టూ అంచు లేస్తుంది, గుంట పూడుకుంటూ మధ్యలోంచి నీటి కాడ ఒకటి పైకి పొడుచుకొస్తుంది. దాని తల తెగి మళ్లీ నీళ్లలో కలిసిపోతుంది. ఇదంతా ఇంకో రెప్పపాటు.

ఆ రెప్పపాటును ఫొటోలు తీయడం మొదలుపెట్టినప్పుడు, కెమెరాలోకి వెలుతురును వదిలే షట్టర్ వేగం పెంచితే చుక్క ఆగిపోతుందనుకున్నాను. లెక్క వేసి చూడండి. ఆ ఎత్తు నుంచి పడే చుక్క నీటిని తాకేటప్పటికి సెకనుకు సుమారు 3 మీటర్ల వేగంతో ఉంటుంది. చాలా కెమెరాల్లో ఫ్లాష్‌తో కలిసి పనిచేసే షట్టర్ వేగం 1/200 సెకను దగ్గర ఆగిపోతుంది. ఆ కాస్త సమయంలో చుక్క 15 మిల్లీమీటర్లు కదులుతుంది. చుక్క వెడల్పేమో నాలుగున్నర మిల్లీమీటర్లే! అంటే షట్టర్‌ను నమ్ముకుంటే గుండ్రటి చుక్కకు బదులు ఒక గీత వస్తుంది.

చుక్కను ఆపేది ఫ్లాష్. గది చీకటిగా ఉంటే షట్టర్ ఎంతసేపు తెరిచి ఉన్నా ఫొటోలో ఏమీ పడదు. మెరుపు ఉన్నంతసేపే పడుతుంది. ఇక్కడ చాలామంది తడబడే సంగతి ఒకటి ఉంది. ఫ్లాష్ పవర్ తగ్గిస్తే మెరుపు మందగించదు, త్వరగా తెగిపోతుంది. ఫుల్ పవర్‌లో చాలా ఫ్లాష్‌లు 1/1000 సెకను కంటే ఎక్కువసేపే వెలుగుతాయి. పవర్‌ను 1/64 వంతుకు తగ్గిస్తే అదే ఫ్లాష్ సుమారు 1/20000 సెకనులో ఆరిపోతుంది. అప్పుడు చుక్క కదిలేది 0.15 మిల్లీమీటర్లు. నేను రెండు వారాలపాటు ఫుల్ పవర్‌తో తీసి, తోకలున్న చుక్కలు చూసి, లెన్స్ పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. ఒకరోజు బ్యాటరీ పొదుపు చేద్దామని పవర్ తగ్గించాను. మొదటి ఫొటోలోనే చుక్క గాజుగోళీలా నిలబడింది.

పవర్ తగ్గితే వెలుతురు తగ్గుతుంది కాబట్టి ఫ్లాష్‌ను చుక్క పడే నీళ్ల ట్రేకు జానెడు దూరానికి తీసుకురండి. కుదిరితే రెండు వాడండి. లెన్స్ రంధ్రం ఎఫ్/11 నుంచి ఎఫ్/16 మధ్య, వెలుతురును కెమెరా ఎంతగా పట్టుకోవాలో చెప్పే ఐఎస్ఓ 400 దగ్గర నాకు సరిపోతోంది. ఫ్లాష్‌లో కరెంటు నిల్వ ఉంటుంది, పక్కనే నీళ్లు చిందుతుంటాయి. దాన్ని పల్చటి పాలిథిన్ సంచిలో కట్టేయండి. ఇది మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు.

చుక్కలు పడేందుకు సెలైన్ గొట్టాన్ని మించింది లేదు. చక్రం తిప్పితే చుక్కల వేగం మన చేతిలో ఉంటుంది. దాన్ని స్టాండుకు వేలాడదీసి, కింద నల్లటి ట్రేను అంచుదాకా నీళ్లతో నింపండి. అంచు కింది వరకే నింపితే ఫొటోలో ముందు ట్రే గోడ అడ్డంగా కనిపిస్తుంది. ఫోకస్ కోసం ట్రే మీద అడ్డంగా ఒక స్కేలు పెట్టి, చుక్క దాని మీద ఎక్కడ పడుతోందో చూసి, అక్కడికి చేత్తో ఫోకస్ చేసి స్కేలు తీసేయండి. ఆటో ఫోకస్ ఆపేయడం మరిచిపోకండి. తర్వాతది తాళం పట్టుకోవడమే. చుక్కలు ఒకే లయలో పడుతుంటే వేలు కూడా ఆ లయకు అలవాటు పడుతుంది. చుక్కను చూసి నొక్కితే ఆలస్యమైపోతుంది, లయను విని నొక్కాలి. ఒక సాయంత్రం 200 ఫొటోలు తీస్తే నాకు నాలుగైదు దక్కుతాయి, ఆ నాలుగైదు చాలు.

ఇక రంగులు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. నీళ్లలో రంగు కలిపితేనే రంగు వస్తుందని అనుకోకండి. తేట నీటిచుక్క ఒక లెన్స్. వెనక ఏముంటే దాన్ని తలకిందులుగా తనలో చూపిస్తుంది. వెనక ట్రేసింగ్ పేపరు నిలబెట్టి, పై సగానికి ఎర్ర రంగు కాగితం, కింది సగానికి నీలం అంటించి, దాని వెనక నుంచి ఫ్లాష్ వెలిగించండి. ఫొటోను పెద్దది చేసి కాడ కొసన ఉన్న చుక్కను చూడండి. పైన నీలం, కింద ఎరుపు! ఆవగింజంత చోటులో రెండు రంగులు కలిసే గీత కూడా కనిపిస్తుంది. పాలైతే అలా కాదు. పాలలోంచి వెలుతురు సూటిగా పోదు కాబట్టి రంగు పాలలోనే కలపాలి, ఫ్లాష్ ముందు నుంచో పక్క నుంచో రావాలి.

నీటి లోతును బట్టి ఆకారం మారుతుంది. ట్రేలో రెండు మూడు మిల్లీమీటర్ల పల్చటి పొర ఉంటే కిరీటం లేస్తుంది. నాలుగైదు సెంటీమీటర్ల లోతుంటే కాడ లేస్తుంది. ఆ కాడ పైకి లేచి ఉన్నప్పుడు, అంటే మొదటి చుక్క తర్వాత సుమారు 0.1 సెకనుకు, రెండో చుక్క వచ్చి దాని నెత్తిన పడితే గొడుగు విచ్చుకుంటుంది. చేత్తో అయితే ఇది అదృష్టం మీద ఆధారపడిన పని. కచ్చితంగా కావాలంటే చుక్కలను లెక్కగా వదిలే చిన్న ఎలక్ట్రానిక్ వాల్వు, టైమరు అవసరం. నీళ్లలో కొంచెం గ్వార్ గమ్ కలిపితే గొడుగు అంచు త్వరగా చిరిగిపోదు. ఇది గోరుచిక్కుడు గింజల నుంచి తీసే జిగురుపొడి. ఉండలు కట్టకుండా కలిపి, వడకట్టి పోయండి. పని అయ్యాక గొట్టం అదే రాత్రి కడిగేయాలి, లేకపోతే ఎండి బిగుసుకుపోతుంది.

ఆర్థర్ వర్తింగ్టన్ అనే ఇంగ్లండ్ భౌతికశాస్త్రవేత్త గురించి చెప్పాలి. కాడ అంటున్నానే, దాన్ని ఇవాళ ఆయన పేరుతోనే వర్తింగ్టన్ జెట్ అంటారు. 1875లో పని మొదలుపెట్టి, చీకటి గదిలో విద్యుత్ రవ్వ వెలుగులో చిందులను చూస్తూ, కంట్లో నిలిచిన ముద్రను బట్టి బొమ్మలు గీసేవారు. ఆ బొమ్మల్లో కిరీటాలు కొలిచి గీసినట్టు సమంగా ఉండేవి. 1894 నాటికి ఫొటోలు తీయగలిగారు. వాటిలో ఒక్క కిరీటమూ అంత సమంగా లేదు! ఒక ముల్లు పొడుగు, ఒకటి పొట్టి, ఒకచోట అంచే తెగి ఉంది. ఇన్నేళ్లూ వంకర బొమ్మలను పక్కన పెట్టి సరైన ఆకారం కోసం వెతికానని ఆయనే ఒప్పుకున్నారు. ఆ తర్వాత అమెరికాలో ఎమ్ఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్గర్టన్ 1930ల నుంచి పాలచుక్కలను స్ట్రోబ్ వెలుగులో, అంటే క్షణంలో మెరిసి ఆరిపోయే దీపపు వెలుగులో తీస్తూ, 1957లో ఎర్రటి నేపథ్యం మీద తెల్లటి కిరీటాన్ని పట్టుకున్నారు. చాలామంది చూసే ఉంటారు.

నేను వర్తింగ్టన్ ఫొటోల పక్షం. ఒక పక్కకు ఒరిగిన గొడుగు, ఒక ముల్లు తక్కువైన కిరీటం వస్తే కంప్యూటర్‌లో సరిచేయను. మీరూ వాటిని వెంటనే డిలీట్ చేయకండి, వారం ఆగి చూడండి.

ఇక్కడ బల్ల మీద ట్రే నిండుగా ఉంది, గొట్టం వేలాడుతోంది. ఇప్పుడు లైట్లు ఆర్పుతాం. షట్టర్ ఒక సెకను తెరిచే ఉంటుంది, ఏ చిన్న వెలుగైనా చుక్క మీద గీతలా పడుతుంది. ముందు వరసలో ఉన్నవాళ్లు దయచేసి ఫోన్లు బోర్లా పెట్టండి.