పీఎస్ వీఆర్2తో మూడు వారాలు: కళ్లతో ఆడే ఆటలు ఇంకెవరు చేస్తారు?

నమస్తే అండి. టేబుల్ మీద మీకు కనిపిస్తున్నది పీఎస్ వీఆర్2, అంటే సోనీ వాళ్ల ఆటల మెషీన్ (కన్సోల్) పీఎస్5కి తగిలించుకునే వీఆర్ హెడ్‌సెట్. తలకి పెట్టుకుంటే ఆట మీ చుట్టూ ఉన్నట్టే కనిపిస్తుంది. ఇది నేను కొన్నది కాదు, ముందే చెప్పేస్తున్నాను. హైదరాబాద్‌లో నాకు తెలిసిన ఒక గేమ్ షాపు ఆయన మూడు వారాలు వాడి చూడమని ఇచ్చారు. డబ్బులేమీ ముట్టలేదు, వీడియో ముందుగా చూపించమని కూడా ఆయన అడగలేదు. ఎల్లుండి వెనక్కి ఇచ్చేయాలి. అందుకే మా ఇంట్లో ఇప్పుడు దీని కోసం వంతులు నడుస్తున్నాయి.

స్పెక్స్ మీరంతా ఎక్కడో ఒకచోట చూసేసే ఉంటారు. ఓఎల్ఈడీ తెర, ఒక్కో కంటికి 2000 బై 2040 పిక్సెళ్లు, 120 హెర్ట్జ్ దాకా, పీఎస్5కి ముందు వైపు గుచ్చే ఒకే ఒక్క యూఎస్‌బీ సీ కేబుల్. అవన్నీ చదివి వినిపించడానికి నేనెందుకు? బాక్స్ విప్పేటప్పుడు నా బుర్రలో ఉన్న ప్రశ్న వేరే. కన్సోళ్లు చేసే కంపెనీలు వీఆర్‌ని ఎప్పటికైనా నిజంగా సొంతం చేసుకుంటాయా? మూడు వారాల్లో నాకు జవాబు దొరికింది. దొరికింది కూడా ఒకే ఒక్క ఫీచర్ దగ్గర. దాని గురించే ఎక్కువ మాట్లాడతాను, ఓపిక పట్టండి.

ఆ ఫీచర్ ఐ ట్రాకింగ్. హెడ్‌సెట్ లోపల చిన్న కెమెరాలు మీ కళ్లను చూస్తూ ఉంటాయి. మీరు ఎటు చూస్తున్నారో, ఎప్పుడు రెప్ప వేశారో వాటికి తెలిసిపోతుంది. మొదటిసారి పెట్టుకోగానే ఒక చుక్క అటూ ఇటూ కదులుతుంది, దాన్ని కళ్లతో వెంబడించాలి. అంతే, సెటప్ అయిపోయింది. నాకు కళ్లజోడు ఉంది, అయినా ఇబ్బంది లేకుండా పట్టుకుంది.

ఇది ఎందుకు పనికొస్తుందో చెప్తాను. ఇప్పుడే ఒక చిన్న పని చేయండి. చూపు నా ముక్కు మీదే నిలపండి. అక్కణ్నుంచి కదపకుండా, నా వెనక షెల్ఫ్‌లో ఉన్న గేమ్ డబ్బాల మీద పేర్లు చదవండి. చదవలేరు. మన కంటికి చూపు నిలిచిన చోటే స్పష్టంగా కనిపిస్తుంది, చుట్టూ అంతా మసకే. మామూలు హెడ్‌సెట్‌కి ఈ సంగతి తెలియదు కాబట్టి తెరంతా ఒకేలా గీస్తూ కూర్చుంటుంది. ఇది మాత్రం మీరు చూసిన చోట పూర్తి వివరంతో గీసి, పక్కన తగ్గించేస్తుంది. తగ్గించినట్టు మీకు తెలియనే తెలియదు. 2022లో ఆటలు చేసేవాళ్ల సదస్సు జీడీసీలో, ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ యూనిటీ వాళ్లు చూపించిన లెక్క ప్రకారం ఐ ట్రాకింగ్‌తో కలిపి ఇలా గీస్తే బొమ్మలు గీసే చిప్, అంటే జీపీయూ పని 3.6 రెట్ల దాకా వేగంగా అవుతుంది. 2020లో వచ్చిన కన్సోల్‌కి ఇది ఎంత పెద్ద సాయమో ఆలోచించండి.

ఇదంతా తెర వెనక జరిగే పని. నన్ను కదిలించింది మాత్రం కళ్లనే కంట్రోలర్‌గా చేసిన ఆటలు.

బిఫోర్ యువర్ ఐస్ అని ఒక ఆట ఉంది. 2021లో పీసీకి వచ్చింది, వెబ్‌క్యామ్ ముందు కూర్చుని ఆడాలి. 2023 మార్చిలో దీనికి వచ్చింది. చనిపోయిన మనిషి తన జీవితాన్ని మళ్లీ చూసుకుంటూ ఉంటాడు. మీరు రెప్ప వేస్తే కాలం ముందుకు దూకుతుంది. అంతే ఆట. కానీ అక్కడ తల్లి ఏదో చెప్తూ ఉంటుంది, ఆ మాట పూర్తిగా వినాలని ఉంటుంది మీకు. కళ్లు మండుతుంటాయి, నీళ్లు తిరుగుతుంటాయి, ఇక ఆపలేక రెప్ప వాలుస్తారు. మాట మధ్యలో తెగిపోతుంది, ఆవిడ ఉండదు, కొన్నేళ్లు గడిచిపోయి ఉంటాయి. రెప్పపాటు అనే మాటను నేను చిన్నప్పట్నుంచీ వాడుతున్నాను. ఆ మాటకి ఇంత బరువుంటుందని ఆ గంటన్నరలో తెలిసింది. ఆట అయిపోయాక కూడా హెడ్‌సెట్ తీయకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఫ్లాట్ టీవీ మీద నాకు ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు.

సినాప్స్ అని ఇంకొకటి, 2023 జులైది. అందులో ఎదురుగా ఉన్న డబ్బా వైపు చూసి ఎడమ చెయ్యి ఆడిస్తే అది గాల్లోకి లేస్తుంది. గురి పెట్టక్కర్లేదు, చూస్తే చాలు. రెండో రోజుకి అది అలవాటై, వంటింట్లో గట్టు మీద గ్లాసు చూసి నా ఎడమ చెయ్యి కొంచెం లేచింది. నిజంగానే లేచింది. శరీరం ఇంత త్వరగా నమ్మేసే ఇన్‌పుట్ ఇంకొకటి నేను చూడలేదు. స్విచ్‌బ్యాక్ అనే భయం ఆటలో అయితే మీరు రెప్ప వేసినప్పుడే బొమ్మలు మీ వైపు జరుగుతాయి. అది మా తమ్ముడికి ఇచ్చాను, వాడు రెండు నిమిషాల్లో తీసి పక్కన పెట్టేశాడు.

మా అమ్మ సంగతి కూడా చెప్పాలి. అమ్మకి కంట్రోలర్లు పట్టుకోవడం రాదు. హొరైజన్ కాల్ ఆఫ్ ది మౌంటెన్‌లో ఊరికే పడవలో కూర్చుని చుట్టూ చూసే మోడ్ ఉంది, అది పెట్టాను. పొడుగు మెడ యంత్రం ఒకటి పడవ మీదుగా దాటుకుంటూ వెళ్తుంది. అడుగు పడ్డప్పుడల్లా హెడ్‌సెట్ తల మీదే అదురుతుంది. అమ్మ సోఫాలో ముడుచుకుపోయి, "ఒరేయ్, తొక్కేస్తదిరా!" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తీసేయమంటావా అంటే వద్దంది. ఇప్పటికి నాలుగుసార్లు చూసింది. ఆటలంటే ఏమిటో తెలియని మనిషి నాలుగుసార్లు పెట్టుకుంది, ఇంతకంటే ఏం కావాలి?

వాడేవాళ్లకి ఒక్క చిట్కా. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టుకోండి. చెమట అద్దాల మీదకి చేరదు, కడుపులో తిప్పడం బాగా తగ్గుతుంది, పైగా ముఖానికి గాలి ఎటు నుంచి తగులుతోందో దాన్నిబట్టి మీరు ఎటు తిరిగి ఉన్నారో తెలుస్తూనే ఉంటుంది. కొండలెక్కే ఆటల్లో చేతులు బాగా పైకెత్తాలి కాబట్టి సీలింగ్ ఫ్యాన్ కింద మాత్రం నిలబడకండి.

ఇక కోపం దగ్గరికి వస్తాను.

ఇంత గొప్ప ఫీచర్ ఉంటే, దాన్ని ఆటకి ప్రాణంగా వాడుకున్నవి నాకు పై మూడే ఎందుకు గుర్తొచ్చాయి? ఇంకా కొన్ని ఉన్నాయి, కానీ వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. కారణం చాలా సింపుల్. బయటి స్టూడియో ఏదైనా వీఆర్ ఆట చేస్తే మెటా కంపెనీ క్వెస్ట్ హెడ్‌సెట్లకీ, పీసీకీ, దీనికీ కలిపి చేస్తుంది, అప్పుడే దానికి గిట్టుబాటు. క్వెస్ట్ 3లో ఐ ట్రాకింగ్ లేదు. ఇదే హెడ్‌సెట్‌ని పీసీకి తగిలించుకోవడానికి 2024 ఆగస్టులో సోనీ ఒక అడాప్టర్ అమ్మకానికి పెట్టింది. దానితో పీసీలో ఐ ట్రాకింగ్ పని చేయదు. వెలుగునీడల తేడా బాగా చూపించే హెచ్‌డీఆర్ లేదు, తల మీద అదురు లేదు, ట్రిగ్గర్ల బిగువు లేదు. కంపెనీయే ఆ మాట ముందే చెప్పింది, దాచలేదు. కానీ అప్పుడు కళ్లతో ఆడే ఆట ఎవరు రాస్తారు? రాస్తే సోనీ సొంత స్టూడియోలే రాయాలి. మరి అవి ఏం చేస్తున్నాయి? లండన్ స్టూడియో, మొదటి పీఎస్ వీఆర్‌కి బ్లడ్ అండ్ ట్రూత్ చేసినవాళ్లు. దాన్ని మూసేస్తున్నట్టు 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారే, అచ్చంగా అదే పరిస్థితి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఆస్ట్రో బాట్. 2018లో మొదటి పీఎస్ వీఆర్‌కి ఆస్ట్రో బాట్ రెస్క్యూ మిషన్ వచ్చింది. నేను ఆ హెడ్‌సెట్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నది అచ్చంగా ఆ ఒక్క ఆట కోసమే. దానికి వైర్లు, మధ్యలో ఒక ప్రాసెసర్ పెట్టె, టీవీ మీద కెమెరా, చేతిలో 2010 నాటి మూవ్ కంట్రోలర్లు. మొదటి మోడల్ పెట్టె హెచ్‌డీఆర్‌ని టీవీకి పంపేది కాదు, మామూలు ఆటకి హెచ్‌డీఆర్ కావాలంటే కేబుళ్లు పీకి మళ్లీ గుచ్చాలి. అవన్నీ సంతోషంగా భరించాను, ఎందుకంటే ఆ బుల్లి రోబో గోడ చాటుకి వెళ్తే నేను తల వంచి తొంగి చూసేవాణ్ని, అది నా వైపు చెయ్యి ఊపేది. ఆ ఆట పీఎస్ వీఆర్2లో ఆడలేం. పాత హెడ్‌సెట్ ఆటలు కొత్తదానిలో నడవవు. సరే, కొత్త ఆస్ట్రో బాట్ వస్తుందిలే అనుకున్నాం. 2024లో వచ్చింది, ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్ కూడా గెలిచింది. అద్భుతమైన ఆట, నేను ఫుల్ ప్రైస్ పెట్టి కొన్నాను. కానీ అందులో వీఆర్ లేదు. ఒక్క లెవెల్ కూడా లేదు. వీఆర్‌లో పుట్టి పేరు తెచ్చుకున్న పిల్లాడు పెద్దవాడై పుట్టింటి గుమ్మం తొక్కలేదంటే, ఆ ఇంట్లోవాళ్లకి దాని మీద నమ్మకం పోయిందనే నాకు అనిపిస్తుంది.

వాళ్ల లెక్కలు నాకు అర్థం కాక కాదు. 2020 మొదట్లో సీఈఎస్ టెక్ ప్రదర్శనలో సోనీ రెండు అంకెలు చెప్పింది. 10 కోట్ల 60 లక్షల పీఎస్4లు, 50 లక్షల పీఎస్ వీఆర్‌లు. అంటే ఇరవై ఇళ్లకి సుమారు ఒకటి. దాని తర్వాత ఈ కొత్తదాన్ని 2023 ఫిబ్రవరిలో 549.99 డాలర్లకి తెచ్చారు, అప్పటికి పీఎస్5 ధర 499.99. తగిలించుకునే వస్తువు అసలు కన్సోల్ కంటే ఎక్కువ! మన దగ్గరికి అదే ఏడాది డిసెంబర్‌లో 57,999 రూపాయలకి వచ్చింది. 2025 మార్చిలో అమెరికాలో 399.99కి తగ్గించారు. ఆ ధర మొదటి రోజే ఉండుంటే, ఇంకో పది లక్షల ఇళ్లలో ఇది ఉండుంటే, స్టూడియోల లెక్క వేరేగా ఉండేదని నా గట్టి నమ్మకం.

మిగతావాళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. సెగా 1993లో హెడ్‌సెట్ చూపించి, అమ్మకుండానే ఆపేసింది. నింటెండో 1995లో వర్చువల్ బాయ్ తెచ్చి చేతులు కాల్చుకుంది. ఎరుపు తప్ప ఇంకో రంగు లేదు, స్టాండ్ మీద పెట్టి మెడ వంచి చూడాలి, అన్నీ కలిపి 22 ఆటలు, ఏడాది తిరిగేసరికి మూసేశారు. తర్వాత 2019లో లేబో వీఆర్ అని అట్టముక్కలతో మడిచి చేసుకునే కిట్ ఒకటి ఇచ్చారు, పిల్లలకి బాగుంది, అక్కడితో ఆగింది. మైక్రోసాఫ్ట్ 2016లో ఈ3 ఆటల ప్రదర్శనలో ప్రాజెక్ట్ స్కార్పియో అనే కొత్త ఎక్స్‌బాక్స్‌ని ప్రకటించినప్పుడు వీఆర్ కూడా ఉంటుందని స్టేజీ మీదే చెప్పింది. 2017 నవంబర్‌లో ఆ మెషీన్ ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్ పేరుతో వచ్చింది, వీఆర్ రాలేదు. 2025లో ఎక్స్‌బాక్స్ పేరు మీద ఒక క్వెస్ట్ 3ఎస్ అమ్మారు. దాంట్లో ఎక్స్‌బాక్స్ ఆటలు పెద్ద ఫ్లాట్ తెర మీద కనిపిస్తాయి, అంతే. అది ముఖానికి కట్టుకునే టీవీ. దాన్ని నేను వీఆర్ లెక్కలో వేయను.

కాబట్టి నా ప్రశ్నకి నా జవాబు ఇది. వీళ్లందరిలో వీఆర్ చెయ్యి నిజంగా పట్టుకున్నది సోనీ ఒక్కటే, అది కూడా సగం దారిలో పట్టు వదిలేసింది. గ్రాన్ టురిస్మో 7 చూడండి. 2023లో ఇది విడుదలైన రోజే ఉచిత అప్‌డేట్‌తో ఇద్దరు తెర పంచుకుని ఆడేవి తప్ప రేసులన్నీ వీఆర్‌లోకి తెచ్చేశారు. మలుపులో లోపలి అంచు వైపు తల తిప్పి చూస్తూ కారు తిప్పుతుంటే మళ్లీ టీవీ మీద ఆడబుద్ధి కాదు. చేయాలనుకుంటే వాళ్లకి వచ్చు, అదే నా బాధ. తమ పెద్ద ఆట ప్రతిదానికీ ఇలా ఒక వీఆర్ దారి తెరిచి ఉంటే ఇప్పుడు నేను ఈ వీడియో ఇలా చేసేవాణ్ని కాదు. ఇక మీదట ఐ ట్రాకింగ్‌కి ఊతం కన్సోల్ వాళ్ల నుంచి కాదు, పీసీ వైపు నుంచి వస్తుందనుకుంటున్నాను. పీసీ ఆటల దుకాణం స్టీమ్‌ని నడిపే వాల్వ్ 2025 నవంబర్‌లో ప్రకటించిన స్టీమ్ ఫ్రేమ్ హెడ్‌సెట్‌లో కళ్లను చూసే కెమెరాలు ఉన్నాయి. రెండు చోట్ల ఉంటేనే స్టూడియోలు దాని కోసం రాస్తాయి.

కొనాలా వద్దా? చేతిలో పీఎస్5 ఉండి, కారు ఆటలు ప్రాణమైతే, ధర బాగా తగ్గినప్పుడు తీసుకోండి, గ్రాన్ టురిస్మో ఒక్కదానికే మీ డబ్బులు వచ్చేస్తాయి. ముందు ముందు పెద్ద ఆటలు వస్తాయిలే అన్న ఆశతో మాత్రం కొనకండి. వచ్చినప్పటి 57,999 ధరకైతే నేను కొనను. హెడ్‌సెట్‌కి నా మార్కులు పదికి తొమ్మిది, దాన్ని చేసినవాళ్లు దానికి పెట్టిన తిండికి మూడు.

ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు ఒక్క పని చేయండి. ఈ రాత్రి కళ్ల సెటప్ మళ్లీ ఒకసారి చేసుకుని, ఫోన్ పక్క గదిలో పెట్టి, బిఫోర్ యువర్ ఐస్ మొదలుపెట్టండి. ఏ సీన్ దగ్గర రెప్ప ఆపుకోలేకపోయారో కింద రాయండి. అన్నీ చదువుతాను.